ఇన్‌ఫ్లూయెంజా టీకా ఒక యేడు ఫలించి మరియొక యేడు తప్పుట ఏల?

ఏబది యేండ్లు దాటిన వారి చేతులపై మశూచికపు టీకా మచ్చ నేటికిని కనబడుచున్నది. చిన్ననాట ఒకసారి, అవసరమైనచో పెద్దయిన పిమ్మట మరియొకసారి ఆ టీకా వేయించుకొన్నవారు మశూచికమునకు భయపడవలసిన పని లేకపోయెను. 1796లో ఇంగ్లండునందు ఎడ్వర్డ్ జెన్నర్ ఆరంభించిన ఆ పద్ధతి రెండు శతాబ్దములు నిండకమునుపే వ్యాధిని భూమిమీదనుండి తుడిచివేసినది. భారతదేశములో 1975 తరువాత మశూచిక రోగి కనబడలేదు. 1980లో ప్రపంచారోగ్యసంస్థ ఆ వ్యాధి అంతరించినదని ప్రకటించెను. టీకా యన్న ఇట్లుండవలెనని జనుల మనస్సులో ఒక కొలమానము ఏర్పడినది ఆ అనుభవము వలననే.

ఇన్‌ఫ్లూయెంజా టీకా ఆ కొలమానమునకు అందదు. జనులు పొట్టిపేరుతో ఫ్లూ అని పిలుచు ఈ జ్వరమునకు ఏటేటా టీకా వేయించుకొనవలెను. వేయించుకొన్నను అది ఒక యేడు బాగుగా కాపాడును, మరియొక యేడు అంతంతమాత్రముగా పనిచేయును. అమెరికా ప్రభుత్వపు వ్యాధి నివారణ కేంద్రమువారు కట్టిన లెక్కలలో 2004-05 శీతకాలమున టీకా ఫలము నూటికి 10. 2010-11లో నూటికి 60. 2014-15లో నూటికి 19. ఈ అంకెల అర్థమును ముందు తెలిసికొనుట మంచిది. ఒక ప్రాంతమున టీకా వేయించుకొనని వేయిమందిలో నూర్గురకు ఫ్లూ జ్వరము వచ్చినదనుకొందము. టీకా వేయించుకొన్న వేయిమందిలో నలువదిమందికి మాత్రమే వచ్చినచో టీకా ఫలము నూటికి 60. తొంబదిమందికి వచ్చినచో నూటికి 10. జలుబు, దగ్గు కలిగించు ఇతర వైరసులు నూటికి మించి యున్నవి. వానిపై ఈ టీకా పనిచేయదు, పనిచేయునని ఎవరును చెప్పలేదు. టీకా వేయించుకొన్న నెలలోనే పడిశము పట్టినదని దానిని నిందించువారు తరచుగా ఈ సంగతి మరచుచుందురు.

అయినను ప్రశ్న మిగులుచునే యున్నది. ఒకే మాదిరి కర్మాగారములలో, ఒకే పద్ధతిని తయారైన మందు ఒక యేడు అరువది, మరియొక యేడు పది ఏల కావలెను? దీనికి సమాధానము ఒక్కమాటలో లేదు. ఆ టీకా పుట్టిన కథలోనే అది విడివిడిగా దొరకును.

1918 జూన్ మాసమున బొంబాయి రేవు ప్రాంతములో మొదలైన జ్వరము ఆ సంవత్సరము సెప్టెంబరు నుండి ఉగ్రరూపము దాల్చి దేశమంతటను వ్యాపించెను. మొదటి ప్రపంచయుద్ధము ముగియుచున్న దినములవి. ఆ ఒక్క విజృంభణలో భారతదేశమున ఒక కోటి 20 లక్షలనుండి ఒక కోటి 80 లక్షలవరకు ప్రజలు మరణించిరని చరిత్రకారులు వేర్వేరు విధముల లెక్కించియున్నారు. బొంబాయి రాజధానితో పోల్చినచో మద్రాసు రాజధానిలో మరణములు తక్కువ. తక్కువ యన్నను లక్షలలోనే. ముసలివారిని, పసిపిల్లలను మాత్రమేగాక, ఇరువది ముప్పది యేండ్ల పడుచువారిని ఆ జ్వరము కొనిపోయెను. ఇంటికి సంపాదించి పెట్టువాడు పోయిన కుటుంబములు ఎన్నియో అగమ్యగోచరములైనవి.

ఆనాటి వైద్యులు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. 1918లోనే అనేక దేశములలో టీకాలు తయారుచేసి వేసిరి. కాని అవి గురి తప్పిన బాణములు. 1892లో జర్మను శాస్త్రజ్ఞుడు రిచర్డ్ ఫైఫర్ ఇన్‌ఫ్లూయెంజా రోగుల గొంతులలో ఒక బాక్టీరియాను కనుగొని, వ్యాధికి కారణము అదియేనని చెప్పియుండెను. పలువురు దానిని నమ్మిరి. టీకాలు ఆ బాక్టీరియాతోను, దానివంటి మరికొన్నింటితోను తయారైనవి. అసలు నేరస్థుడు సూక్ష్మదర్శినికి కూడ కనబడనంత చిన్నది, బాక్టీరియాను ఆపు పింగాణి వడపోతలగుండ జారిపోవునది. ఈ టీకా చరిత్రలో మొదటి వైఫల్యము ఇది. శత్రువెవ్వరో తెలియక చేసిన యుద్ధము గనుక దానిని నిందించి ప్రయోజనము లేదు.

శత్రువు చిక్కినది 1933లో. లండనులోని జాతీయ వైద్య పరిశోధనాలయమున విల్సన్ స్మిత్, క్రిస్టఫర్ ఆండ్రూస్, పాట్రిక్ లెయిడ్లా అను మువ్వురు ఫ్లూ రోగులు గొంతు పుక్కిలించిన నీటిని వడగట్టి, ఫెర్రెట్టు అను జంతువుల ముక్కులలో వేసిరి. ఫెర్రెట్టు ముంగిసను పోలిన చిన్న ప్రాణి. కుక్కలకు వచ్చు ఒక వ్యాధిని గూర్చిన పరిశోధనకై ఆ పరిశోధనాలయమువారు అంతకుముందే వానిని పెంచుచుండుట మేలయ్యెను. రెండు దినములలో ఫెర్రెట్టులకు జ్వరము వచ్చి, ముక్కులు కారి, తుమ్ములు మొదలాయెను. 1936లో ఒక ఫెర్రెట్టు తుమ్మగా దానిని పరీక్షించుచున్న వైద్యునికే ఫ్లూ పట్టుకొనెను. ఆయన గొంతునుండి అదే వైరసును మరల తీసి చూపిరి. మనుష్యునినుండి జంతువునకును, జంతువునుండి మనుష్యునకును అది ప్రాకునని నిరూపించుటకు ఇంతకన్న మంచి సాక్ష్యము దొరకదు.

వైరసు సజీవ కణములలో తప్ప పెరుగదు. అందువలన టీకాకు చాలినంత వైరసును ఎక్కడ పెంచుట? ఆస్ట్రేలియాలో మాక్‌ఫర్లేన్ బర్నెట్ ఈ చిక్కును విప్పెను. పొదిగిన కోడిగ్రుడ్డులోని పిండము చుట్టునున్న పొరలలో వైరసు ఏపుగా పెరుగునని ఆయన 1930ల నడుమ చూపెను. గ్రుడ్డు చౌక, అన్ని ఊళ్లలోను దొరకును, పెంకు సహజమైన సీసావలె పనిచేయును. అప్పటినుండి నేటివరకు ప్రపంచములోని ఫ్లూ టీకాలో అధికభాగము కోడిగ్రుడ్లలోనే తయారగుచున్నది. గ్రుడ్డు వలన వచ్చిన లాభముతో బాటు ఒక కీడు కూడ లోన దాగియున్నదని తెలియుటకు మరి కొన్ని దశాబ్దములు పట్టినది. దానిని తరువాత చెప్పవలసియున్నది.

రెండవ ప్రపంచయుద్ధము వచ్చినది. 1918లో ఫిరంగులకు చిక్కని సైనికులను జ్వరము చంపిన సంగతి అమెరికా సైన్యాధికారులు మరువలేదు. 1941లో ఇన్‌ఫ్లూయెంజాపై ఒక సంఘమును నియమించి, థామస్ ఫ్రాన్సిస్ అను వైద్యుని దానికి పెద్దగా చేసిరి. 1940లో ఇన్‌ఫ్లూయెంజా వైరసులలో రెండవ తెగయైన బి తెగను కనుగొన్నవారిలో ఆయన ఒకడు. మిషిగన్ విశ్వవిద్యాలయమున ఆయన వద్ద పనినేర్చిన యువకుడు జోనాస్ సాల్క్, తరువాత పోలియో టీకాతో జగద్విఖ్యాతుడైన వాడు. ఎ తెగ, బి తెగ వైరసులను గ్రుడ్లలో పెంచి, ఫార్మలిన్‌తో చంపి, వీరు టీకా సిద్ధము చేసిరి.

1943 శరత్కాలమున విశ్వవిద్యాలయములలో చదువుచున్న సైనిక విద్యార్థులు సుమారు 12,500 మందిని తీసికొని, సగముమందికి టీకాయు, మిగిలినవారికి టీకా లేని ఉత్తమందును వేసిరి. ఆ శీతకాలములోనే ఎ తెగ ఫ్లూ వచ్చినది. ఉత్తమందు పొందినవారిలో నూటికి 7 మందికి పైగా జబ్బుపడిరి. టీకా పొందినవారిలో నూటికి 2 మందికి కొంచెము మించి మాత్రమే. మొదట చెప్పిన లెక్క ప్రకారము ఫలము నూటికి దాదాపు 70. 1945లో బి తెగ ఫ్లూ వచ్చినప్పుడును టీకా చక్కగా కాపాడెను. ఆ సంవత్సరమే అది సామాన్య పౌరులకును అనుమతింపబడెను. ఫ్లూ సమస్య తీరినట్లే యని అనేకులు సంతోషించిరి.

ఆ సంతోషము రెండేండ్లు కూడ నిలువలేదు. 1947 వసంతమున మరల ఎ తెగ ఫ్లూ వచ్చినది. మిషిగన్ విశ్వవిద్యాలయములో అంతకుముందే పదివేలకు పైగా విద్యార్థులు టీకా వేయించుకొనియుండిరి. ఏడువేలకు పైగా వేయించుకొనలేదు. వేయించుకొననివారిలో నూటికి 8 మంది, వేయించుకొన్నవారిలో నూటికి 7 మంది జబ్బుపడిరి. అనగా టీకా వేసినను వేయకున్నను ఒక్కటే. మందు చెడిపోయినదా? సూది సరిగా వేయలేదా? ఫ్రాన్సిస్, సాల్క్ మొదలగువారు టీకా పొందిన విద్యార్థుల రక్తరసమును పరీక్షించిరి. అందు వ్యాధితో పోరాడు ప్రతిరక్షకములు సమృద్ధిగా ఉన్నవి. అయితే అవి పాత వైరసును పట్టుకొనుచున్నవి, క్రొత్తగా వచ్చిన వైరసును పట్టుకొనలేకున్నవి. మందు తన పని తాను చేసినది, వైరసు మారిపోయినది.

తమ టీకా పనిచేయలేదని అంకెలతో సహా తామే అచ్చువేసి లోకమునకు చెప్పిన ఆ శాస్త్రజ్ఞుల నిజాయితీ మెచ్చదగినది. 1943 నాటి విజయమునే తలచుకొనుచు కూర్చుండియున్నచో, ఆ టీకా నాలుగైదేండ్లలో జనుల నమ్మకము పూర్తిగా పోగొట్టుకొని మూలబడియుండెడిది. ఈ రెండు సంవత్సరముల లెక్కలను ప్రక్కప్రక్కన పెట్టి చదివినవానికి ఫ్లూ టీకా రహస్యము సగము తెలిసినట్లే.

వైరసు ఎట్లు మారును? ఇన్‌ఫ్లూయెంజా వైరసు ఆకారము ఇంచుమించు ఉమ్మెత్తకాయ వంటిది. గుండ్రని కాయ చుట్టును ముండ్లుండును. ఈ ముండ్లు రెండు విధములు: హీమాగ్లూటినిన్, న్యూరామినిడేజ్. వీని మొదటి ఇంగ్లీషు అక్షరములను బట్టియే హెచ్, ఎన్ అను గుర్తులు వచ్చినవి. మొదటి ముల్లు మనుష్యుని కణమునకు గ్రుచ్చుకొని లోనికి పోవుటకు, రెండవది పుట్టిన పిల్ల వైరసులు విడివడి బయటికి పోవుటకు. శరీరము తయారుచేయు ప్రతిరక్షకములు ముఖ్యముగా హీమాగ్లూటినిన్ కొనలను గుర్తించి, వానిని కప్పివేయును. ఆ కొన రూపము మారినచో గుర్తు తప్పును.

మన పూర్వుల తాటాకు గ్రంథములను జ్ఞాపకము తెచ్చుకొన్నచో ఈ మార్పు సులభముగా బోధపడును. లేఖకుడు ఒక ప్రతిని చూచి మరియొక ప్రతి వ్రాయును. ఒక అక్షరము జారును, ఒక కొమ్ము ఎక్కువగును. ఆ తప్పుల ప్రతిని చూచి మరొకడు వ్రాయును. వంద ప్రతులైన పిమ్మట పాఠాంతరములు పుట్టును. ప్రాణికోటిలో పెక్కింటికి ఈ ప్రతిని సరిచూచు పరిష్కర్త కణములోనే యుండును. ఇన్‌ఫ్లూయెంజా వైరసునకు అట్టి పరిష్కర్త లేడు. అది కొద్దిగంటలలోనే వేలకొలది ప్రతులు వ్రాసికొనును. తప్పులు దొర్లుచునే యుండును. ఆ తప్పులలో అధికభాగము వైరసునకే చేటు. కాని ఎప్పుడో ఒక తప్పు ముల్లు కొనను కొంచెము మార్చి, జనుల రక్తములోని ప్రతిరక్షకములకు చిక్కకుండ చేయును. అట్టి ప్రతియే బ్రదికి లోకమంతట వ్యాపించును. 1947లో జరిగినది ఇదియే. దీనిని శాస్త్రజ్ఞులు మెల్లని మార్పు అందురు.

పెనుమార్పు వేరు. ఇన్‌ఫ్లూయెంజా వైరసు గ్రంథము ఒకే పొడవైన చుట్ట కాదు, ఎనిమిది విడి ఆకుల కట్ట. మనుష్యుల వైరసు, పక్షుల వైరసు ఒకే ప్రాణి శరీరములో ఒకే కణమును చేరినచో, ఆకులు కలసిపోయి క్రొత్త కట్ట పుట్టవచ్చును. 1957లో అట్టి కట్టయే వచ్చినది. ఎనిమిది ఆకులలో మూడు పక్షులవి. రెండు ముండ్లును క్రొత్తవే.

ఆ సంవత్సరము ఏప్రిల్ 17వ తేదీన అమెరికా సైనిక పరిశోధనాలయములో పనిచేయు మారిస్ హిల్లెమన్ న్యూయార్క్ టైమ్స్ పత్రికలో ఒక వార్త చదివెను. హాంగ్‌కాంగులో రెండున్నర లక్షలమందికి జ్వరము. తల్లుల వీపులపై కన్నులు తేలవేసిన బిడ్డలు. వైద్యశాలల యెదుట బారులు. హిల్లెమన్ వెంటనే అక్కడి నౌకాదళ రోగి గొంతు నీటిని తెప్పించి పరీక్షించెను. ఎందరి రక్తరసమును తెచ్చి చూచినను ఆ వైరసును పట్టు ప్రతిరక్షకములు కానరాలేదు. డెబ్బది, ఎనుబది యేండ్లు దాటిన కొద్దిమంది వృద్ధులలో మాత్రము కనబడెను. వారు 1889-90 నాటి పెద్ద ఫ్లూను చూచినవారు. దీనిని బట్టి లోకమునకు పెద్ద ఆపద రానున్నదని ఆయన గ్రహించి, టీకా తయారుచేయు సంస్థలను తొందరపెట్టెను. గ్రుడ్లు కావలెనన్న పొదుగుడు గ్రుడ్లే కావలెను గనుక, కోళ్లను పెంచువారు పుంజులను అమ్మివేయకుండ చూడుడని ముందుగనే కబురు చేసెను. ఆ సంవత్సరాంతమునకు సుమారు నాలుగు కోట్ల మోతాదులు తయారైనవి. ఇంత వడిగా పనిచేసినను అమెరికాలో వ్యాధి అక్టోబరులోనే ఉచ్చస్థితికి చేరెను. సూది అందినవారికన్న అందనివారే ఎక్కువ.

భారతదేశమునకు ఆ జ్వరము ఇంకను ముందే వచ్చినది. 1957 మే నెలలో సింగపూరు వైపునుండి రోగులతో వచ్చిన ఒక ఓడ మద్రాసు రేవు చేరెను. అక్కడినుండి కొద్ది వారములలో వ్యాధి అన్ని రాష్ట్రములకు ప్రాకెను. నీలగిరులలోని కూనూరు పాశ్చరు పరిశోధనాలయమున నెలకొన్న ఇన్‌ఫ్లూయెంజా కేంద్రమువారు వైరసును పరీక్షించిరి. 1958 ఫిబ్రవరి వరకు ప్రభుత్వ లెక్కలకెక్కిన రోగులు 44 లక్షల 50 వేలకు పైగా, మరణములు 1,098. లెక్కకు ఎక్కనివి ఎన్నియో యూహించుకొనవలసినదే. అమెరికాలో హిల్లెమన్ తొందరపెట్టిన టీకా, మనదేశమున తొలకరి దినములలో జ్వరము విజృంభించునాటికి, ఇంకను తయారీలోనే యుండెను. సరియైన టీకా కూడ ఆలస్యమైనచో నిష్ఫలమే యగునని 1957 చూపినది. 1968లో హాంగ్‌కాంగు ఫ్లూ వచ్చినప్పుడును ఇంచుమించు ఇదే కథ. ఆ 1968 వైరసు సంతతియైన హెచ్3ఎన్2 నేటికిని మనుష్యులలో తిరుగుచున్నది. మిగిలిన వానికన్న వేగముగా మారునది అదియే. టీకాను ఎక్కువగా ఓడించుచున్నదియు అదియే.

1947 నాటి దెబ్బ వలన ఒక మేలు కలిగినది. వైరసు ఎక్కడెక్కడ ఎట్లు మారుచున్నదో నిత్యము కనిపెట్టియుండుటకు ప్రపంచారోగ్యసంస్థ 1952లో దేశదేశముల పరిశోధనాలయములను ఒక వలగా అల్లినది. ఈ వల పంపు సమాచారమును ముందుంచుకొని నిపుణులు ఏటికి రెండుమార్లు కూడుదురు. ఫిబ్రవరిలో ఉత్తరార్ధగోళపు రాబోవు శీతకాలమునకు, సెప్టెంబరులో దక్షిణార్ధగోళపు శీతకాలమునకు ఏయే రకముల వైరసులు టీకాలో చేర్చవలెనో చెప్పుదురు. గ్రుడ్లలో పెంచుటకు, శుద్ధిచేయుటకు, పరీక్షించుటకు, సీసాలకెత్తుటకు ఆరు నెలలు పట్టును. ఈ ఆరు నెలలు వైరసు ఊరకుండదు. వేసవిలో విత్తనము కొని, కార్తికములో వాన ఎట్లుండునో ఊహించు రైతు పరిస్థితియే వీరిదియు.

2014లో ఆ ఊహ తప్పినది. ఫిబ్రవరి సమావేశములో హెచ్3ఎన్2కు ముందటి సంవత్సరపు రకమునే నిలిపిరి. అప్పటికి దానిని మార్చుటకు గట్టి కారణము కనబడలేదు. మార్చి చివరినుండి క్రొత్త రకము అక్కడక్కడ తలయెత్తెను. శరత్కాలము వచ్చునప్పటికి అమెరికాలో అదియే అధికమాయెను. సెప్టెంబరులో దక్షిణార్ధగోళపు టీకాకు క్రొత్త రకమును ఎన్నుకొనిరి గాని, ఉత్తరమున టీకా అంతయు అప్పటికే సీసాలలో ఉన్నది. మొదట చెప్పిన 19 అను అంకె ఆ శీతకాలపుదే. నిపుణులు పొరబడిరని వ్రాసిన పత్రికలు చాల. ఫిబ్రవరిలో లేని వైరసును ఫిబ్రవరిలో ఎట్లు ఎన్నుకొందురో వ్రాసినవి తక్కువ.

బి తెగ విషయమున చిక్కు మరియొక విధమైనది. 1980ల నుండి అందు విక్టోరియా, యమగాటా అను రెండు శాఖలు కలసి తిరుగుచుండెను. టీకాలో ఒక్కదానికే చోటు. ఎన్నుకొన్నది ఒకటి, వచ్చినది రెండవది యగుట పలుమారులు జరిగెను. అందుచేత గడచిన దశాబ్దములో రెండింటిని చేర్చి నాలుగు రకముల టీకా తెచ్చిరి. విచిత్రమేమన, కోవిడు కాలమున జనులు ఇండ్లలోనే యుండుట వలననో ఏమో, 2020 మార్చి తరువాత యమగాటా శాఖ ఎక్కడను నిశ్చయముగా కనబడలేదు. 2023లో దానిని టీకానుండి తీసివేయవచ్చునని ప్రపంచారోగ్యసంస్థ సలహా యిచ్చెను.

ఇక గ్రుడ్డులో దాగిన కీడు. వైరసు కణములోనికి చొచ్చుటకు కణముపైనున్న ఒక విధమైన చక్కెర గొలుసును పట్టుకొనవలెను. అది తలుపు తాళము వంటిది. కోడిపిండపు కణముల తాళము ఒకటి, మనుష్యుని గొంతులోని కణముల తాళము మరియొకటి. మనుష్యుల వైరసును గ్రుడ్డులో పెంచినప్పుడు, అది తన తాళపుచెవిని గ్రుడ్డు తాళమునకు తగినట్లు అరగదీసికొనును. తాళపుచెవి యన్నది హీమాగ్లూటినిన్ కొనయే. ప్రతిరక్షకములు గుర్తించునదియు ఆ కొననే. కాబట్టి నిపుణులు సరియైన రకమునే ఎన్నుకొన్నను, గ్రుడ్డునుండి బయటికి వచ్చునప్పటికి దాని ముఖము కొంచెము మారియుండవచ్చును. గ్రుడ్డులో పెరిగిన వైరసునకును, క్షీరదముల కణములలో పెరిగిన వైరసునకును భేదమున్నదని 1983లోనే ఇంగ్లండు పరిశోధకులు చూపిరి. 2012-13లో కెనడాలో హెచ్3ఎన్2 టీకా తక్కువగా పనిచేయగా, కారణము వెదకినవారికి దోషము వీధిలోని వైరసులో కాక, గ్రుడ్డులో మారిన టీకా వైరసులో కనబడెను. గ్రుడ్లు లేకుండ కణములను కుండలలో పెంచి వానిలో టీకా తయారుచేయు పద్ధతులు అందుచేతనే వచ్చినవి. 2009 నాటి పంది ఫ్లూ మొదటి రోగి భారతదేశములో కనబడినది హైదరాబాదులో; మరుసటి యేడు ఆ వైరసునకు కణములలో పెంచిన టీకా ఒకటి తయారైనదియు ఆ నగరములోనే.

వైరసు సరిపోయి, గ్రుడ్డు మోసము చేయకున్నను, టీకా ఫలము మనిషి మనిషికి వేరుగా నుండును. దీనికి కారణమును తొలుత ఎత్తిచూపినది మరల ఆ థామస్ ఫ్రాన్సిసే. వేర్వేరు వయస్సులవారి రక్తమును పరీక్షించి, ప్రతివానిలోను తన బాల్యమున మొట్టమొదట తగిలిన ఫ్లూ వైరసునకు సంబంధించిన ప్రతిరక్షకములే అధికముగా నుండుట ఆయన గమనించెను. తరువాత ఏ క్రొత్త రకము సోకినను, ఏ టీకా వేసినను, శరీరము ముందు ఆ పాత పాఠమునే వల్లించును. 1960లో ఆయన దీనికి క్రైస్తవుల మాటను తీసికొని 'ఆదిపాపము' అను అర్థము వచ్చు పేరు పెట్టెను. పేరు పాపమే గాని, ఒక్కొక్కప్పుడది పుణ్యమును కూడ చేయును. 2009లో వచ్చిన పంది ఫ్లూ యువకులనే ఎక్కువగా పట్టినది. 1957కు ముందు పుట్టిన పెద్దలకు బాల్యమున దాని దూరపు చుట్టముతో పరిచయముండుటచే వారు చాలవరకు తప్పించుకొనిరి.

ఏటేటా వేయించుకొనుట వలన మేలు పెరుగునా, తరుగునా యన్న చర్చ కూడ పాతదే. 1970లలో ఇంగ్లండులోని క్రైస్ట్స్ హాస్పిటల్ అను వసతి పాఠశాల బాలురలో జరిపిన పరిశీలనలో, మొదటిసారి వేసిన టీకా కాపాడినను, మరల మరల వేసినందువలన కాలక్రమమున అదనపు లాభము కనబడలేదు. తరువాతి పరిశీలనలు కొన్ని దీనిని బలపరచినవి, కొన్ని కాదన్నవి. ఏటేటా వేయించుకొనుటయే మంచిదని వైద్యులు నేటికిని చెప్పుచున్నారు, ఏలయన టీకా ఇచ్చిన రక్షణ కొన్ని నెలలలోనే తగ్గనారంభించును. వృద్ధుల శరీరము టీకాకు మందముగా బదులు పలుకును. వారికొరకు నాలుగింతలు మందున్న టీకాను తయారుచేసి, దాదాపు 32,000 మంది వృద్ధులపై పరీక్షించి 2014లో ఫలితములు ప్రకటించిరి. సాధారణ టీకా పొందినవారికన్న వారిలో ఫ్లూ నూటికి 24 వంతులు తక్కువగా వచ్చినది. ఫలము తక్కువైన యేట కూడ టీకా పొందినవారిలో జబ్బు తీవ్రత తగ్గి, ఆసుపత్రి పాలగువారు తక్కువగుట పెక్కు దేశములలో గమనింపబడినది. ఆస్తమా, మధుమేహము, గుండెజబ్బు ఉన్నవారికి, గర్భిణులకు ఇది చిన్న విషయము కాదు.

కడపటి కారణము తెలుగువారికి దగ్గరిది. పాశ్చాత్యదేశములలో ఫ్లూ శీతకాలపు వ్యాధి. కాశ్మీరములోను అంతే, శ్రీనగరమున అది జనవరి నుండి మార్చి వరకు హెచ్చును. కాని భారతదేశములో అధికభాగమున ఫ్లూ వానలతో వచ్చును. జూలై నుండి సెప్టెంబరు వరకు దాని ముఖ్యకాలము. ఈశాన్య ఋతుపవనపు వానలు పడు చెన్నై ప్రాంతమున అక్టోబరు, నవంబరులలోను హెచ్చును. ఉత్తరార్ధగోళపు క్రొత్త టీకా అంగళ్లకు వచ్చునది అమెరికా, యూరపుల శీతకాలమును ఉద్దేశించి సెప్టెంబరు, అక్టోబరులలో. అప్పటికి గోదావరి వరదలు తీసిపోయి, ఆ యేటి జ్వరములును చాలవరకు వచ్చి పోయియుండును. అప్పుడు వేయించుకొన్న టీకా బలము మరుసటి తొలకరి నాటికి సన్నగిల్లును. భూగోళ పటములో మన దేశము ఉత్తరార్ధములో నున్నది గనుక ఉత్తరపు టీకాయే మనదని లెక్కవేయుట పటము చూచి నాట్లు వేయుట వంటిది. కాశ్మీరమునకు అక్టోబరు సరిపోవును. దేశములోని తక్కిన ప్రాంతములలో పెక్కింటికి వానలకు ముందు, ఏప్రిల్, మే నెలలలో, అప్పటికి దొరకు క్రొత్త టీకాను వేయుట మేలని ఇరువది యొకటవ శతాబ్దమున భారతీయ పరిశోధకులు వాన లెక్కలను, ఫ్లూ లెక్కలను జోడించి చూపియున్నారు.